సాంచాల చప్పుడులో సదానందం బేస్‌బాల్

సదానందం అంత పనికిమాలిన ఆటగాణ్ణి నా డెబ్బై మూడేళ్ళలో నేను చూడలేదు. ఈ మాట అతని ముందే చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా అతను నవ్వి, చాయ్ సాసరులో పోసి నా ముందుకు జరుపుతాడు. తిట్టినవాడికి చాయ్ పోసే మనిషిని ఏం చేయగలం? తిడుతూనే తాగుతాను.

అతనుండేది సూరత్‌లో, లింబాయత్ వైపు ఒక ఇరుకు గల్లీలో, మొదటి అంతస్తులో. కింద సాంచాలు, పక్కన సాంచాలు, ఎదురుగా సాంచాలు. మనం పుస్తకాల్లో మరమగ్గాలని రాసేవాటిని అక్కడి మనవాళ్ళు సాంచాలంటారు. వారంలో ఆరు రోజులు, రెండు షిఫ్టులూ అవి టకాటకా కొట్టుకుంటూనే ఉంటాయి. ఆ గల్లీలో పిల్లలు మాటల కంటే ముందు అరవడం నేర్చుకుంటారు. అక్కడి పిల్లులు నోరు తెరిచి మూసేస్తాయంతే. మియావ్ అన్నా ఎవరికీ వినబడదని వాటికి తరాలుగా తెలుసు.

సదానందం సిరిసిల్ల దగ్గర పుట్టి, ఇరవయ్యో ఏట అన్న వెంట ఇక్కడికొచ్చి సాంచాల మీద చేరాడు. ఇప్పుడు యాభై తొమ్మిది. ఎనిమిది సాంచాల మధ్య నిలబడి, ఏ దాంట్లో పోగు తెగిందో చెవులతో పట్టే రకం. వీపు తిప్పి బీడీ వెలిగించుకుంటూ “అయిదోది” అంటాడు. చూస్తే అయిదోదే. అలాంటి చెవిని దేవుడు ఏ సంగీత విద్వాంసుడికో పంపబోయి చిరునామా తప్పు రాశాడు. పోనీ, వచ్చిన చెవిని ఇతనైనా మంచిపనికి వాడాడా అంటే, బేస్‌బాల్‌కి వాడాడు. అదీ మైదానంలో ఆడేది కాదు, టీవీలో ఆడేది.

దాని పుట్టుక కూడా దానికి తగ్గట్టే ఉంది. కొడుకు ప్రణయ్‌కి తొమ్మిదేళ్ళప్పుడు, టీవీకి తగిలించే క్రికెట్ ఆట కావాలని ఏడిస్తే, సదానందం చౌటా బజారుకి పోయాడు. దుకాణదారు బూడిదరంగు డబ్బా ఒకటి, అందులో గుచ్చే క్యాసెట్ ఒకటి చేతిలో పెట్టాడు. క్యాసెట్ మీద బ్యాటు పట్టుకున్న మనిషి బొమ్మ ఉంది. బ్యాటున్నవాడు క్రికెటరు కాక ఇంకేమవుతాడు? ఇంటికొచ్చి తగిలిస్తే వికెట్లు లేవు, ఓవర్లు లేవు. బంతిని కొట్టినవాడు బ్యాటు పారేసి, పోలీసులు తరుముతున్నట్టు పరిగెత్తాడు. ప్రణయ్ రెండు రోజులు ఏడ్చి, మూడోరోజు వీధిలోకి పోయి రబ్బరు బంతితో ఆడుకున్నాడు. కొన్న వస్తువు దండగ కాకూడదని తండ్రి దాని ముందు కూర్చున్నాడు. అలా కూర్చుని ఇప్పటికి ఇరవై అయిదేళ్ళు.

బటన్ నొక్కీ నొక్కీ అతని కుడి బొటనవేలి గీతలు ఎంత అరిగాయంటే, రేషన్ షాపులో మిషను అతన్ని మనిషిగా ఒప్పుకోలేదు. చివరికి కాలి బొటనవేలు పెట్టించారు. నమ్మనివాళ్ళు వెళ్ళి అడగండి.

నాకు అతనితో పరిచయం సూరత్ పక్కనే ఉన్న ఉధ్నా స్టేషన్ పార్సెల్ ఆఫీసులో. నేను అక్కడ గుమాస్తాగా ఉన్నప్పుడు, ఊరికి సైకిలు పంపడానికి వచ్చాడు. తెలుగువాణ్ణని తెలియగానే కుర్చీ లాక్కుని కూర్చుని, సైకిలు సంగతి వదిలేసి, “సారు, బంతి కొట్టినంక బ్యాటు ఎందుకు పారేస్తరు?” అన్నాడు. ఈ దేశంలో ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ణి కావడం నా దురదృష్టం. కాజీపేటలో నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు మాతో రౌండర్స్ ఆడించేవారు. అది బేస్‌బాల్‌కి పిన్ని కూతురు లాంటి ఆట. మా సిస్టర్ ఆగ్నెస్ ఒకసారి బంతిని కొడితే అది ప్రహరీ దాటి, కదులుతున్న గూడ్సు బండిలో పడి బల్హార్షా దాకా పోయింది. నాలుగో రోజున అదే పెట్టెలో, స్టేషన్ మాస్టరు రసీదుతో సహా తిరిగొచ్చింది. రైల్వే మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. ఆ రోజు సదానందానికి నియమాలన్నీ చెప్పాను. అంతా విని, “గట్లనా. నేను వేరే తీర్గ ఆడుతున్న” అన్నాడు. ఆ తర్వాత కూడా అదే వేరే తీరున ఆడాడు.

వేరే తీరంటే, అందులోని బొమ్మలకు పేర్లు పెట్టుకున్నాడు. బంతి విసిరేవాడు ఆగయ్య. మైదానంలో ఎడమ మూల నిలబడేవాడు బుచ్చిరాములు. ఇద్దరూ ఒకప్పుడు అతనితో సాంచాల మీద పనిచేసినవాళ్ళే. ఆ ఎడమ మూల బొమ్మ తయారీలోనే ఏదో లోపం ఉంది. బంతి అటు వస్తే ఒక్క క్షణం కదలడు. నిజం బుచ్చిరాములు కూడా అంతేనట. సాంచాల మధ్య నిలబడే కునికేవాడట. రెండు జట్లలోనూ ఆ మూల నిలబడేది వాడే, రెండు జట్లలోనూ నిద్రపోయేది వాడే. అటు కొడితే పరుగు ఖాయం. ఇరవై అయిదేళ్ళలో సదానందం ఒక్కసారి కూడా అటు కొట్టలేదు.

“ఎందుకయ్యా?” అన్నాను.

“పండుకున్నోని దిక్కు కొడ్తమా సారు? గాడు పండుకుంటే వాని నాలుగు సాంచాలు గూడ నేనే సూసుకుంటుంటి.”

బొమ్మ మీద దయ చూపించే మనిషిని పట్టుకుని ఇంకేం మాట్లాడతాం.

ఇంతలో ప్రణయ్ పెద్దవాడయ్యాడు. ముప్పై నాలుగేళ్ళు. రింగ్ రోడ్డు మీద ఒక బట్టల మార్కెట్లో కంప్యూటరు మీద చీరల డిజైన్లు వేస్తాడు. కిందటి నెల మంచం పట్టీ అంత పొడుగు టీవీ ఒకటి, దానికో ఆట మిషనూ కొన్నాడు. అందులోనూ బేస్‌బాల్ ఉంది. చూపిస్తానని నన్ను పిలిచాడు, పోయాను. మొదట ఆట నా పేరు అడిగింది. తర్వాత పుట్టిన తేదీ అడిగింది. తర్వాత ఏదో దిగుమతి చేసుకుంటానంది. అది దిగేలోపు భుసావల్ పాసింజరు పోయి తిరిగి రావచ్చు. చివరికి ఆటగాడు కనిపించాడు. గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. చెమట కారుతోంది. వాడు బంతి కొట్టే ముందు మూడుసార్లు ఉమ్మాడు, అది మూడు వైపుల నుంచి చూపించారు. పద్నాలుగు బటన్లు. నేను ఒకటి నొక్కితే బ్యాటు ఊపడానికి బదులు వాడు టోపీ సర్దుకున్నాడు.

“ఎట్లుంది సార్?” అన్నాడు ప్రణయ్.

“వీడి చెమట తుడవడానికి బటనుందా?” అన్నాను.

సదానందం వెనక నిలబడి చూస్తున్నాడు. “మంచిగుంది గని, వీనికి పేరు పెట్టరాదు. ముందుగాలనే ఉంది” అన్నాడు. ఆ ఒక్కసారి అతను చెప్పింది నాకు నచ్చింది. పాత ఆటలో ముఖమంటే మూడు చుక్కలు. అందులో ఎవరినైనా కూర్చోబెట్టుకోవచ్చు. ఈ కొత్త ఆటలో అన్నీ వాళ్ళే నింపేశారు. చూసేవాడు కూర్చోవడానికి పీట కూడా మిగల్చలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ గదిలో రెండు టీవీలు పట్టవు. పాతది వెనక పొట్ట ఉన్న రకం. కదిలించాలంటే నలుగురు మోయాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి వచ్చి తీసుకుపొమ్మని ప్రణయ్ భంగార్‌వాలాతో, అంటే పాత సామాన్లవాడితో చెప్పేశాడు.

“నీ డబ్బా కొత్తదానికి తగిలిస్త బాపు. పెద్దగ కనవడ్తది” అన్నాడు.

తగిలించాడు. సదానందం కూర్చున్నాడు. ఆగయ్య విసిరాడు, సదానందం ఊపాడు, బంతి అప్పటికే పోయింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ పోయింది. గంటసేపు ఒక్క బంతి తగల్లేదు. ఇరవై అయిదేళ్ళు ఒకే పని చేసిన చేయి గంటలో మొద్దుబారిపోయింది.

“టీవీ మంచిగనే ఉంది. నువ్వే ముసలోనివైనవ్” అన్నాడు కొడుకు.

“కాదురా, అర దెబ్బ లేటున్నది.”

దెబ్బంటే సాంచా ఒకసారి కొట్టే చప్పుడు. ఆ ఇంట్లో క్షణాలు, నిమిషాలు ఉండవు. దెబ్బల్లోనే లెక్క. ప్రణయ్ నవ్వాడు. కోడలు సుమన కూడా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

మర్నాడు సదానందం మా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“సారు, మీరు జర చెప్పాలె. పాత టీవీ పోతే నా ఆట పోతది. కొత్తదాంట్ల బటన్ ఒత్తినంక బొమ్మ ఆలోచిస్తది. నేను అబద్ధం చెప్తలేను.”

నాకు తర్వాత తెలిసింది, అది నిజమేనని. ఆ పల్చటి టీవీలు బొమ్మకి సోకులు చేసి గానీ బయటికి వదలవు. ఆ ముస్తాబుకి కనురెప్పపాటు ఆలస్యమవుతుంది. లోకంలో ఎవరికీ తెలియని ఆలస్యం ఇతని చెవికి దొరికింది. కానీ ఆ రోజు నేనేమన్నాను? “యాభై తొమ్మిదేళ్ళకి ఒక బొమ్మల పెట్టె కోసం ఏడుస్తావేమయ్యా, సిగ్గు లేదూ?” అన్నాను. అతను అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. చాయ్ కూడా అడగలేదు. దాంతో నాకు మనసు ఊరుకోలేదు.

ప్రణయ్‌ని పిలిచి ఒప్పందం చేయించాను. పాత టీవీ మీదే తండ్రీకొడుకులు ఒక పూర్తి ఆట ఆడాలి, తొమ్మిది ఇన్నింగ్సులు. తండ్రి గెలిస్తే పాత టీవీ ఉంటుంది. కొడుకు గెలిస్తే భంగార్‌వాలాతో పోతుంది. అంపైరు నేను. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. ఆ గల్లీలో సాంచాలకి సెలవు ఆ ఒక్క రోజే. ఆ పాడు చప్పుడు లేకుండా నేను ప్రశాంతంగా కూర్చోవచ్చని ఆ రోజు పెట్టాను. ఎవరూ కాదనలేదు. ఆదివారమైతే అందరికీ తీరికే కదా. ఎంత తెలివైన నిర్ణయం చేశానో రెండింటికల్లా తేలిపోయింది.

గల్లీ అంతా నిశ్శబ్దం. పిల్లులు మియావ్ అంటున్నాయి, వాటి గొంతు విని అవే ఉలిక్కిపడుతున్నాయి. సుమన లోచో, అంటే సూరత్‌వాళ్ళు శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించే పలహారం, పళ్ళెంలో తెచ్చి నా ముందు పెట్టింది. ప్రణయ్ బూడిదరంగు రిమోట్ పట్టుకుని తిప్పి చూశాడు.

“రెండే బటన్లు. బచ్చోంకా ఖేల్” అన్నాడు.

ఆట మొదలైంది. మొదటి ఇన్నింగ్సులో సదానందం మూడుసార్లూ గాలిని కొట్టాడు. రెండోదాంట్లోనూ గాలినే. మూడోదాంట్లో ఒక బంతి తగిలి నేరుగా ఆగయ్య చేతిలో పడింది. అటు ప్రణయ్ ఆట రాకపోయినా తోచినట్టు నొక్కి అయిదు పరుగులు చేశాడు. అయిదు, సున్నా. సదానందం మెడ మీద చెమట కారుతోంది. కొత్త ఆటలో వాడిలాగా మూడు వైపుల నుంచి చూడనక్కర్లేదు. ఒక వైపు నుంచే జాలేసింది.

“బాపు, ఇప్పుడైతే పాత టీవీయే గద? ఇది గూడ లేటున్నదా?”

“లేదు బిడ్డా. ఇది మంచిగనే ఉంది. నాకే ఏందో అయితలేదు.”

ఆ మాట వినగానే కొమురవ్వ వంటింట్లోంచి బయటికొచ్చింది. కొమురవ్వ సదానందం భార్య. ఇరవై ఏళ్ళు బాబిన్లు చుట్టిన మనిషి. భర్తని, టీవీని, నన్ను అదే వరుసలో చూసింది.

“ఆదివారం ఎవలు పెట్టమన్నరు?” అంది.

“నేనే” అన్నాను.

“సదువుకున్నోళ్ళు గిట్లనే పెడ్తరు. ఈయిన ఎన్నడన్న ఆదివారం ఆడిండా? ఆదివారమొస్తే సంఘం మీటింగు, మంగలి దుకాణం, మటన్. ఆడేదంతా సాంచాల సప్పుడుల. ఆగయ్య చెయ్యి లేపినంక నాలుగు దెబ్బలకు బ్యాటు ఊపాలె. ఇయ్యాల దెబ్బలేడున్నయి? దేన్ని బట్టి ఊపుతడు?”

సదానందం నోరు తెరిచి భార్యని చూశాడు. ఇరవై అయిదేళ్ళుగా తను ఎలా ఆడుతున్నాడో అతనికి తెలియనే తెలియదు. ఈ దేశంలో మొగవాళ్ళ గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

కొమురవ్వ స్నానాలగదిలోంచి ప్లాస్టిక్ టబ్బు తెచ్చి బోర్లించింది. దాని పక్కన కూలబడి చపాతీ కర్రతో మొదలుపెట్టింది. టక్, టక్, టక్, టక్. కళ్ళు మూసుకుంటే కింద కార్ఖానా నడుస్తున్నట్టే ఉంది.

“సార్, ఇది చీటింగ్! అమ్మ గిట్ల కొట్టుడేంది?” అన్నాడు ప్రణయ్.

అంపైరునని అందరూ నావైపు చూశారు. నా రౌండర్స్ నియమాల్లో టబ్బు గురించి ఏమీ లేదు. “నీ కొత్త ఆటలో బ్యాండు మేళం మోగుతుంది కదా, అది చీటింగు కాదా? కొట్టనీ” అన్నాను. నిజానికి నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి అన్నాను.

నాలుగో ఇన్నింగ్సులో ఆగయ్య చెయ్యెత్తాడు. టక్, టక్, టక్, టక్. సదానందం బొటనవేలు కదిలింది. బంతి తెర దాటి ఎగిరిపోయింది. రెండోది పోయింది. మూడోది పోయింది. ముగ్గురు పరుగెత్తారు. అతని మెడ మీద చెమట ఆరిపోయింది. వీపు నిటారుగా అయింది. ఆరో ఇన్నింగ్సు ముగిసేసరికి ఎనిమిది, అయిదు, తండ్రి ముందు.

ఇక అయిపోయిందనుకుని నేను లోచో మీద దృష్టి పెట్టాను. అక్కడ మళ్ళీ బోల్తా పడ్డాను. ప్రణయ్ ఆ గల్లీలో పుట్టినవాడని మరిచిపోయాను. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ చప్పుడులో నిద్రపోయినవాడు. కొమురవ్వ దెబ్బలు వాడి చెవిలోకి కూడా పోతున్నాయి. మొదట మోకాలు ఊగింది. తర్వాత భుజం ఊగింది. ఏడో ఇన్నింగ్సులో వాడి బంతులూ ఎగరడం మొదలైంది. వాడు నవ్వడం మానేశాడు, మాట్లాడటం మానేశాడు. పక్కన ఫోను మూడుసార్లు మోగితే చూడనుకూడా లేదు. సుమన చున్నీ అడ్డం పెట్టుకోవడం మరిచి, “మారో, మారో!” అని అరుస్తోంది. మొగుడికా, మామకా అన్నది తెలియలేదు.

తొమ్మిదో ఇన్నింగ్సు. ఎనిమిది, ఎనిమిది. సదానందం వంతు అయిపోయింది. ప్రణయ్ బ్యాటింగ్, ఇద్దరు అవుట్, మూడో బేస్ దగ్గర ఒకడు పరుగుకి సిద్ధంగా ఉన్నాడు. ఆగయ్య విసిరాడు. నాలుగో దెబ్బకి బ్యాటు ఊగింది. బంతి ఎడమ మూలకి దొర్లింది, మెల్లగా, పిల్లవాడైనా పట్టేంత మెల్లగా.

“బుచ్చిరాములూ, లేవురా!” అని సదానందం కేక పెట్టాడు.

బుచ్చిరాములు లేవలేదు. తొమ్మిది, ఎనిమిది.

కొమురవ్వ కర్ర ఆగింది. అదే క్షణంలో గుమ్మంలోంచి “భంగార్!” అని వినిపించింది. పాత సామాన్లవాడు నాలుగింటికి రమ్మంటే నాలుగింటికే వచ్చాడు. సూరత్ మొత్తంలో టైముకి వచ్చేది వాడొక్కడే.

సదానందం రిమోట్ కింద పెట్టాడు. “మాటంటే మాటే” అని లేచి, టీవీ వెనక్కి పోయి తీగలు పీకడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క తీగని చేతికి చుట్టుకుని, తెగిన పోగు ముడి వేసేవాడిలా జాగ్రత్తగా పీకుతున్నాడు.

“కాకా, ఉఠావూఁ క్యా?” అన్నాడు భంగార్‌వాలా.

“ఆగు” అన్నాడు ప్రణయ్. వాడు ఇంకా తెరనే చూస్తున్నాడు. “బాపు, గా ఎడమ మూలకు పోతే ఎప్పుడూ పట్టడా గాడు?”

“పట్టడు.”

“నీకు ఎర్కనే?”

“ఇరవై అయిదేండ్ల సంది.”

“మరి ఇయ్యాల ఒక్కటి గూడ అటు కొట్టలేదేంది? కొడ్తే గెలుస్తుంటివి గద!”

సదానందం తీగ చుట్టుకుంటూనే చెప్పాడు. “పండుకున్నోని దిక్కు కొడ్తమారా?”

గెలిచినవాడు బుద్ధిమంతుడైతే గెలుపు పట్టుకుని వెళ్ళిపోవాలి. వీడు లేచి, తండ్రి చేతిలోంచి తీగలు లాక్కుని, వంగి మళ్ళీ ఒక్కొక్కటే తగిలించాడు. “గిది లెక్కల రాదు. మళ్ళ ఆడుదాం. ఇప్పుడు నేను గూడ అటు కొట్టను.”

“మరి టీవీ?” అంది సుమన.

“ఉంటది. కొత్తది గోడకు కొట్టిస్త.” మంచం వెనకనుంచి కొత్త టీవీ వచ్చిన అట్టపెట్టె లాగి గుమ్మంలో పెట్టాడు. “యే లే జావో.”

భంగార్‌వాలా పెట్టెలోకి తొంగి చూసి, అందులో ఏమీ లేదని రూఢి చేసుకుని, తెలుగువాళ్ళ మీద తన అభిప్రాయం గుజరాతీలో చెప్పుకుంటూ మెట్లు దిగాడు. ఆ అభిప్రాయంతో నాకు పేచీ లేదు. రెండు గంటలు ఒక దున్నపోతు పొట్ట టీవీ కోసం కొట్టుకుని, గెలిచినవాడు ఓడినవాడి పక్షాన చేరడం నేను రైల్వేలో కూడా చూడలేదు.

“అమ్మా, కొట్టు” అన్నాడు ప్రణయ్, రిమోట్ పట్టుకుని.

“నా చెయ్యి గుంజుతున్నది. కూర గూడ మాడింది” అంది కొమురవ్వ. చపాతీ కర్ర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “ఆదివారం పెట్టింది సారే గద. సారే కొడ్తడు.”

కాన్వెంటులో చదివినవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో సంతకం పెట్టినవాణ్ణి. నేల మీద కూర్చుని, బోర్లించిన టబ్బు మీద ఇద్దరు మూర్ఖుల కోసం దరువు వేశాను. ఆగయ్య చెయ్యెత్తాడు. సదానందం ఊపాడు, బంతి అప్పటికే దాటిపోయింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని అతనికి ఎప్పుడూ ఉండదు.

“సారు, అర దెబ్బ లేటు కొడ్తుండ్రు” అన్నాడు.